పేరు లేని బటన్

ఆ రోజులొచ్చేసరికి కాకినాడలో ఏ ఇంట్లోనూ పొయ్యికి చేత్తో తిప్పే నాబ్ మిగల్లేదు. వెలిగించాలన్నా ఆర్పాలన్నా గ్యాస్ కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్ళాల్సిందే. పుట్టుకతో చూపులేని సువర్చల కూడా అలాగే వండుకునేది. ఫోన్ ఆ సైట్‌ని పైకి చదివి వినిపించేది.

ఒక సాయంత్రం పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వాసన గుప్పుమంది. పక్కగదిలో పాప నిద్రపోతోంది. సువర్చల ఆపే బటన్ కోసం ఫోన్ మీద గబగబా వేలు జరిపింది. ముందురోజే కంపెనీ సైట్‌ని కొత్తగా ముస్తాబు చేసింది.

"నవ్వుతున్న కుటుంబం బొమ్మ," అంది ఫోన్. "బటన్. బటన్. పేరు లేని బటన్. మీ ఆత్మస్థైర్యానికి మా జోహార్లు."

ఆమె ఫోన్ అక్కడే వదిలేసి, పాపను భుజాన వేసుకుని, గోడ తడుముకుంటూ మెట్లు దిగి "గ్యాస్! గ్యాస్!" అని అరిచింది. కింది వాటా సూర్యారావుగారు పరుగెత్తి, బిల్డింగ్ మొత్తానికి ఉన్న వాల్వ్ కట్టేశారు.

మర్నాడు కంపెనీ మనిషి పూలగుత్తితో వచ్చాడు.

"మా సైట్ అందరికీ అందుబాటులో ఉందని అవార్డు వచ్చిందండీ. మీరూ పాపా ఒక్క ఫోటో దిగితే..."

"ఆ బటన్లకి పేర్లు పెట్టారా?"

"వచ్చే ఏడాది చూస్తామండీ. మీలాంటివాళ్ళు కొద్దిమందే కదా."

సువర్చల పూలగుత్తి అతని చేతిలోకే తోసి తలుపేసింది. మధ్యాహ్నానికల్లా పాతసామాన్ల కొట్టునుంచి నాబ్ తిప్పే పొయ్యి తెప్పించుకుంది.

సాయంత్రం కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. అలాంటి పొయ్యి వాడితే కనెక్షన్ తీసేస్తారట. ఆ నోటీసుని మాత్రం ఫోన్ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించింది.