కవచంలో కన్నం

దెబ్బ మళ్లీ సరిగ్గా అక్కడే పడింది.

స్క్రీన్ మీద క్షిపణికి దారి చూపే చిప్పుల పెట్టె ఎర్రబడి ఆరిపోయింది. దగ్గర్లో అణుబాంబు పేలితే ఆ రేడియేషన్‌కి పెట్టె తట్టుకుంటుందా, చస్తుందా? కంప్యూటర్‌లో అది లెక్కగట్టడమే ఆమె ఉద్యోగం. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఆ పెట్టెకు కవచం ఆమె అల్లుతుంది. దాన్ని పగలగొట్టే దెబ్బను గోడకవతల అదే ల్యాబులోని ఎదుటి జట్టు కనిపెడుతుంది. వాళ్లెవరో వీళ్లకు, వీళ్లెవరో వాళ్లకు తెలియకూడదు. తెలిస్తే మొహమాటపడి మెత్తగా కొడతారని ఆ ల్యాబు నియమం. ఇంట్లోవాళ్లకైతే ల్యాబు పేరే చెప్పకూడదు. ఆమె రంగుల కంపెనీలో పనిచేస్తోందని మొగుడి నమ్మకం.

దెబ్బ ఎక్కడ పడుతుందో ఒక్కోసారి ఆమె ముందే పసిగట్టి అక్కడ కవచం మందం చేసేది. అది అనుభవం. మరి ఆమె పల్చగా వదిలేసిన మూలే వెతుక్కుని ఎదుటివాళ్లు కొడితే? అది మాత్రం లీకే. తన గుట్టు అక్కడిదాకా వెళ్లిందంటే, శత్రువు దాకా వెళ్లదా?

కాగితం ముక్క గేటు దాటదు. ఫోను లోపలికి రాదు. ఇక మిగిలింది ఆమె నోరు. చిన్నప్పటి నుంచీ నిద్రలో మాట్లాడే అలవాటాయె!

అంతే, మొగుడి మీద కన్నేసింది. ఆయనది వాతావరణ శాఖ. వాన పడుతుందా అంటే గొడుగు పట్టుకెళ్లు అంటాడే తప్ప ఆఫీసు ఊసెత్తడు. ఈమధ్య నడుంనొప్పని హాల్లో సోఫాలో పడుకుంటున్నాడు. ఒకరోజు కాఫీ తాగుతూ, కిటికీలోంచి చూస్తూ అడిగాడు.

"నేను నిద్రలో ఏమన్నా వాగుతున్నానా?"

"లేదే. ఏం?"

"ఏం లేదులే. ఊరికే."

అమ్మ దొంగా! తన నోటి సంగతి అడిగినట్టు నటిస్తూ నా దగ్గర కూపీ లాగుతున్నాడు, అనుకుంది. కాఫీ సహించలేదు.

మర్నాడు వాతావరణ శాఖకు ఫోన్ చేసింది. "ఆ పేరుగలాయన మా దగ్గర లేరండీ. ఎప్పుడూ లేరు" అన్నారు.

ఇన్నేళ్ల కాపురం! జ్వరమొస్తే పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి! చెబితే ఆయన జైలుకి పోతాడు. చెప్పకపోతే జీవితమంతా అల్లిన కవచం శత్రువు పాలవుతుంది. బాత్రూంలో కుళాయి విప్పుకుని భోరున ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ల్యాబుకి వెళ్లి, తిన్నగా భద్రతాధికారి గదిలోకి నడిచింది.

"సార్, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. మా ఆయనే. కట్టుకున్నవాడని కడుపులో దాచుకోలేను" అని మొత్తం చెప్పేసింది.

అధికారి తల పట్టుకున్నాడు. "అమ్మా, మీరు కాస్త స్థిమితపడండి."

"స్థిమితపడితే ఇంకో కవచం పోతుంది సార్! ఆయన్ని వెంటనే పిలిపించండి. కానీ చెయ్యి చేసుకోకండి. అసలే నడుంనొప్పి మనిషి."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన పక్కగది తలుపు వైపు చూశాడు.

"పిలిపించక్కర్లేదమ్మా, 'నేను నిద్రలో వాగేదంతా మా ఆవిడ వింటోంది, నా దెబ్బలన్నీ ముందే అవతలికి చేరిపోతున్నాయి' అని పొద్దుటి నుంచీ ఆ గదిలో కూర్చుని మొత్తుకుంటున్నాడు ఎదుటి జట్టు నాయకుడు, మీ ఆయన!"