సూర్యుణ్ణి కాల్చినా చాలదు

“మాస్టారూ, మన లెక్క తప్పు. కాంతి కంటే వేగంగా వ్యోమనౌక నడపాలంటే సూర్యుణ్ణి మొత్తం కాల్చినా శక్తి చాలదు,” అంటూ పరిశోధకురాలు కాగితాలు గురువు ముందు పెట్టింది.

ఆయన వాటివైపు చూడనైనా లేదు. “తెలుసమ్మా.”

“ఎప్పటినుంచి?”

“నువ్వు చేరిన ఏడాదే తేలింది. బయటపెడితే ల్యాబ్ మూసేసేవాళ్లు.”

“మరి నాతో తొమ్మిదేళ్లు ఎందుకు చేయించారు?”

“నువ్వు మనసారా నమ్మి మాట్లాడతావు. నీ మాట వింటే నిధులిచ్చే కమిటీ వాళ్లు కాదనలేరు. అదిగో, వచ్చేశారు. ఎప్పట్లాగే నువ్వే చెప్పు తల్లీ.”

ఇన్నేళ్లూ ఆయన వాడుకున్నది తన నమ్మకాన్నేనని ఆమెకు అప్పుడర్థమైంది.

కళ్లు తుడుచుకుని కమిటీ గదిలోకి నడిచింది.

“నాకు తెలియకుండానే మీకు తొమ్మిదేళ్లు అబద్ధం చెప్పాను. ఇవాళ తెలిసి చెప్పలేను,” అంది.