వంతెన అవతల ఒక్క ఇల్లు

రాస్తున్నావా, మనవరాలా? పొద్దున ఫైర్ స్టేషన్లో ఊరివాళ్లకి పెట్టిన విందులో అందరం పాన్‌కేకులు తింటుంటే, కౌంటీ పదవికి పోటీచేసే ఇద్దరూ మాట్లాడారు.

"వంతెనలు బాగుచేయాలి. ఇంటిపన్ను తగ్గించలేను," అంది లోరీన్, నా కప్పులో కాఫీ పోస్తూ.

"కాఫీ అయినా తగ్గించకుండా పొయ్యమ్మా!" అన్నాను. అందరూ నవ్వారు.

"నేను పన్ను సగం చేస్తా," అన్నాడు వెండెల్. గట్టిగా చప్పట్లు కొట్టాను.

"మరి దేనికి కోత పెడతావ్?" అని లోరీన్ నిలదీసింది.

"వాగు మీద పాత వంతెన మూసేస్తా. అవతల ఉన్నది ఒక్క ఇల్లే కదా, పెద్దాయనా?"

అందరూ నావైపు చూశారు. అవునన్నట్టు తలూపాను.

ఆ ఇల్లు నా చెల్లెలు ఐడాది. మొన్న దానికి గుండెపోటు వస్తే అంబులెన్సు వచ్చింది ఆ వంతెన మీదుగానే.

ఇది ఐడాకి ఫోన్లో చదివి వినిపించు తల్లీ, ఇంకొకళ్లు చెప్పకముందే.