తాళాల వైద్యం

వికారాబాద్ కాలేజీకి రైలెక్కబోతూ బిందు తాండూరు స్టేషన్లో మూర్ఛతో పడిపోయింది. "అయ్యో, నా బిడ్డ నాకు దక్కదు!" అంటూ, సాగనంపడానికి వచ్చిన భాగమ్మ కూతురి గుప్పిట్లో బీరువా తాళాలు కుక్కింది. ఎవరో తమ బండి తాళం కూడా పెట్టారు.

కాసేపటికి బిందు తేరుకుంది.

"చూసినవా, ఇనుము పట్టంగనే తగ్గింది! ఇగ నీ సదువు బంద్. ఆడ తాళాలెవరిస్తరు?" అంది భాగమ్మ.

"మొన్న నీకు తాళాలు దొరకనప్పుడు తగ్గలేదానే అమ్మా? అది దానంతటదే తగ్గుతది. పక్కకు తిప్పి పండవెట్టుమని డాక్టర్ చెప్పలే? గా తాళాలు నువ్వే పట్టుకో, నీ వణుకన్న తగ్గుతది."

భాగమ్మ బీరువా తాళాలు బొడ్లో దోపుకుంది. తర్వాతి రైలు రాగానే కూతురితోపాటు తానూ ఎక్కింది.

"నువ్వెందుకే?"

"పక్కకు తిప్పుమని నీ దోస్తులకు చెప్పద్దా? ఆళ్లు గూడ నా అసొంటి తెలివిగల్లోళ్లయితే ఎట్ల?"