పదకొండో గీత

"రేపు రంగు వేసేస్తున్నాను," అన్నాడు యసుతక, అన్నం గిన్నె కింద పెడుతూ.

భార్య కినుయే గుండె గతుక్కుమంది.

మూడు నెలలుగా ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కారు బొమ్మను రుద్దుతున్నాడు. బూడిదరంగు ప్రైమర్ కొట్టడం, ఆరాక వాటర్ పేపరనే గరుకు కాగితం తడిపి రుద్దడం. ముందు ఆరువందల నంబరు, తర్వాత వెయ్యి, ఆ తర్వాత రెండు వేలు. చివర్లో మెత్తటి గుడ్డతో మెరుగు. దీపం కింద తిప్పి తిప్పి చూడటం, మళ్లీ రుద్దడం.

"ప్రైమర్ మీద వెంట్రుకంత గీత ఉందనుకో, పైన ఎరుపు పడ్డాక తాడంత కనిపిస్తుంది," అనేవాడు.

వాళ్లుండే షిజుఓకా ఊళ్లో ఇలాంటి బొమ్మలు చేసే మగాళ్లు వీధికి ముగ్గురుంటారు. వాళ్ల ఆడవాళ్లు మొక్కుబడిగా ఊ కొడతారు. కినుయే మాత్రం మనస్ఫూర్తిగా ఊ కొట్టేది.

ఎందుకంటే అంతకుముందు ఆర్నెల్లు ఆమె నరకం చూసింది. తేయాకు ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్లు నాణ్యత తనిఖీ చేసి రిటైరైన మనిషి, మర్నాటి నుంచి వంటింటిని తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. బియ్యం ఎన్నిసార్లు కడగాలో రాసి గోడకు అంటించాడు. సూప్‌లో థర్మామీటరు ముంచాడు. ముల్లంగి ముక్కను స్కేలుతో కొలిచి, "రెండు మిల్లీమీటర్లు ఎక్కువ కోశావు," అన్నాడు.

కారు బొమ్మ ఇంటికొచ్చాకే ఆమె ఊపిరి పీల్చుకుంది.

"రంగు వేయడం అయిపోయాక ఏం చేస్తారు?" అని మెల్లగా అడిగింది.

"నీ వంటింటి అల్మరాలు సర్దిపెడతాను. పాపం, ఒక్కదానివే అవస్థ పడుతున్నావు."

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే, కినుయే సూది తీసుకుని కారు ముందు మూత మీద సన్నగా ఒక గీత గీసింది.

యసుతక వచ్చి దీపం వేసి చూశాడు. కారును వెలుగులో అటూ ఇటూ తిప్పాడు.

"రాత్రి భూమేమైనా కంపించిందా?"

"కంపించినట్టే ఉందండీ. కొంచెం."

"అదే అయ్యుంటుంది. పైనున్న డబ్బా జారి గీసుకుపోయింది."

నిట్టూర్చి, ఆరువందల నంబరు కాగితం మళ్లీ నీళ్లలో వేశాడు.

ఆ వంగిన వీపు చూసి కినుయేకు జాలేసింది. డాక్టరు నూనె తగ్గించమన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఉడికించిన కూరలే. అయినా ఆ సాయంత్రం, ఆయనకు ప్రాణమైన గులాబీ రంగు చిట్టి రొయ్యల పకోడీలు పళ్లెం నిండా వేయించి పెట్టింది. యసుతక కళ్లు మూసుకుని తిన్నాడు.

అలా మొదలైంది. నాలుగైదు నెలలకోసారి "రేపు రంగు" అనేవాడు. మర్నాడు గీత. సాయంత్రం రొయ్యలు.

రెండోసారి తప్పు పక్కింటి పిల్లి మీదికి పోయింది. మూడోసారి వానాకాలం తేమ మీదికి. నాలుగోసారి ఆయన కారు మీదికో గాజు మూత కొనుక్కొచ్చాడు గానీ, దానికి తాళం లేదు. ఆ ఏడు కినుయే పుట్టినరోజుకు కుట్టుపెట్టె బహుమతిగా ఇచ్చాడు. అందులో సూదులే ఇరవై నాలుగు రకాలు. కినుయే వంటింట్లోకి పోయి ఏడ్చింది.

శనివారాలు మాత్రం ఆయన ఉదయమే, ఇలాంటి బొమ్మలు చేసేవాళ్లంతా కలిసే బొమ్మల సంఘానికి పోయి సాయంత్రానికి హుషారుగా తిరిగొచ్చేవాడు. ఇంట్లో గీత కనబడితే చాలు, డీలా పడిపోయేవాడు.

పదకొండో గీతకు యసుతక కాగితం నీళ్లలో వేయలేదు. చేతులు రెండూ బల్ల మీద పరిచి చూసుకున్నాడు.

"ఇక నా చేతుల్లో పస లేదే. పోయేలోపు ఒక్క బండికైనా ఎరుపు వేస్తానో లేదో."

కినుయే వరసగా మూడు రోజులు రొయ్యలు వేయించింది. ఆయన మూడు రోజులూ తిన్నాడు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. మొగుడి ముఖం చూసి నిజం చెప్పే ధైర్యమూ చాల్లేదు.

నాలుగో రోజు యసుతక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లగానే, ఆమె మంచి కిమోనో కట్టుకుని బొమ్మల సంఘానికి బయల్దేరింది. అధ్యక్షుడు ఓయిషి ఒక్కడే ఉన్నాడు. ఏదో చిన్న విమానం రెక్క రుద్దుకుంటున్నాడు.

కినుయే నడుం దాకా వంగి, అలాగే ఉండిపోయింది.

"అయ్యో, లేవండి వదినగారూ! ఏమైంది?"

"నేను పాపిష్టిదాన్నండీ. ఆయన కారు మీద ఆ గీతలన్నీ నేనే గీశాను. పదకొండూ నేనే. ఆయన వంటింట్లోకి రాకూడదని నాలుగేళ్లుగా ఆయన చేతి పని పాడు చేస్తున్నాను. ఆయనేమో తన చేతులే పాడయ్యాయనుకుని కుమిలిపోతున్నారు. మీ మాటైతే వింటారు. ఎలాగైనా నచ్చజెప్పి, ఆ కారుకు రంగు వేయించండి. తర్వాత అల్మరాలేం ఖర్మ, ఇల్లంతా సర్దుకోనివ్వండి."

ఓయిషి రెక్క కింద పెట్టాడు. ఆమె వైపు, గోడవారగా ఉన్న అద్దాల బీరువా వైపు మార్చి మార్చి చూశాడు. ముఖం చిట్లించి, నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"యసుతక ఎర్ర కారు ఇక్కడే తయారై మూడేళ్ల కిందటే మొదటి బహుమతి కొట్టింది వదినగారూ, మీరు సూదితో గీసేది ఆయన మీకోసమని వేరే కొనిపెట్టిన బండి!"