ఇంజనులో ఎర్రమట్టి

"తప్పు నీదని తేలిందా, సాయంత్రంలోపు ఈ షెడ్డు ఖాళీ చెయ్యాలి," అన్నాడు బసవేశ్వరరావు. షెడ్డు అతనిదే. అందులో పద్నాలుగేళ్లుగా ఇంజన్లు బాగుచేస్తున్నవాడు ఆశీర్వాదం.

"ఇంజను విప్పకుండానే ఆ మాటంటే ఎలాగండి బాబుగారూ?"

"విప్పుతాం. నువ్వు కాదు. బాపట్ల నుంచి మెకానిక్కు చెంచురామయ్యగారిని తీసుకొచ్చాను. ఆయన విప్పుతారు, నువ్వు చూస్తావు."

వాకిట్లో ఎడ్లబండి మీద తాళ్లతో కట్టేసి ఉంది చిన్న ట్రాక్టరు. కొలకలూరులో నిమ్మచెట్ల మధ్య దూరి దున్నడానికి బసవేశ్వరరావు తండ్రి కొన్నది. అరిగిపోయిన ఇంజనుని ఫిబ్రవరిలో మొత్తం విప్పి, పిస్టను ఆడే గొట్టం, లైనరుని లోపల కోయించి బోరు చేయించి, కొత్త పిస్టను, కొత్త రింగులు వేశాడు ఆశీర్వాదం. ఏప్రిల్ దాటలేదు, పొగ కక్కి చచ్చింది. దున్నాల్సిన ట్రాక్టరుని ఎడ్లు లాక్కొస్తుంటే తెనాలి నిమ్మకాయల మార్కెట్టులో కొట్లవాళ్లంతా బయటికొచ్చి మరీ చూసి నవ్వారు. ఆ నవ్వులు బసవేశ్వరరావు చెవుల్లో ఇంకా మండుతున్నాయి.

"పాత పిస్టనే తుడిచి వేశావు. అవునా కాదా?"

"ఎలా వేస్తానండి? రోజూ సాయంత్రం మీరే ముక్కముక్కా లెక్కపెట్టి గోతాంలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయారు. పొద్దున మళ్లీ లెక్కపెట్టి ఇచ్చారు. ముప్ఫైరెండు."

"నేను పట్టుకుపోకపోతే అవి ఇరవైతొమ్మిది అయ్యేవి. ఇరవై ఏళ్లుగా నిమ్మకాయల బుట్టలు చూస్తున్నాను. పైన పెద్ద కాయలు, అడుగున గోలీకాయలు. నాకు చెప్తావా?"

చెంచురామయ్య ఇద్దరినీ పట్టించుకోకుండా హెడ్డు విప్పి పిస్టను పైకి లాగాడు. కళ్లజోడు పైకి తోసుకుని దాని మీది నెంబరు చదివాడు. బసవేశ్వరరావు జేబులోంచి బిల్లు తీసి చూసుకున్నాడు. నెంబరు సరిపోయింది.

"పిస్టను కొత్తదేనండి. మారలేదు," అన్నాడు చెంచురామయ్య. "కానీ ఇది చూడండి."

పిస్టను చుట్టూ నిలువునా గీతలు, గోళ్లతో రక్కినట్టు. ఆయన అడుగునున్న ఆయిల్లో వేలు ముంచి రెండు వేళ్ల మధ్య నలిపాడు. వేళ్ల మీద ఎర్రటి రజను మిగిలింది.

"మట్టి పడిందండి. లైనరు లోపలి గోడంతా గీసుకుపోయింది."

"మళ్లీ బోరు చేయించొచ్చా?"

"పోయినసారి కోసిందే ఆఖరి సైజు. ఇంక కొయ్యడానికి ఇనుము లేదు. ఈ ఇంజను అయిపోయినట్టేనండి."

బసవేశ్వరరావు ఆశీర్వాదం వైపు తిరిగాడు. "విన్నావా? మా నాన్న పన్నెండేళ్లు నడిపిన బండిని నువ్వు రెండు నెలల్లో చంపావు."

"బిగించేముందు మళ్లీ కిరసనాయిలుతో కడుగుతానన్నానండి. మీరే వద్దన్నారు."

"గంటసేపు వరసలో నిలబడితే ఒక సీసా దొరుకుతోంది. అద్దాల్లా మెరుస్తున్నవాటిని మళ్లీ కడగడమేంటి?"

"మరి గోతాంలో ఏదన్నా..."

"గోతాంలో ఉంటే నల్లమట్టి ఉండాలి. నా తోట నల్లరేగడి. నా దొడ్డి నల్లరేగడి. ఎరుపు ఎక్కడుందో నేను చూపిస్తాను చూడు." బసవేశ్వరరావు చెప్పుకాలితో నేలని తన్నాడు. షెడ్డులో పరిచిన గ్రావెలు నుంచి ఎర్రటి దుమ్ము లేచింది.

చెంచురామయ్య వేళ్లు ఇంకా నలుపుతూనే ఉన్నాడు. "గ్రావెలు ఇంత మెత్తగా ఉండదేమోనండి. ఇదేదో దంచి జల్లించినట్టుంది."

"మెత్తనా గరుకా అని అడగలేదండి. ఎరుపా కాదా?"

"ఎరుపే."

"లెక్క తేలిపోయింది."

"ఇదే నేల మీద వంద ఇంజన్లు బిగించానండి," అన్నాడు ఆశీర్వాదం. "ఒక్కదాంట్లో ఎర్రమట్టి చూపించండి."

"నూటొకటోదాంట్లో చూపించాను. చాలదా?"

ఆశీర్వాదం స్పానర్లన్నీ ఇనప్పెట్టెలో సర్దుకున్నాడు. గోడకున్న క్యాలెండరు తీసి చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "రేపల్లెలో మా బావమరిది దగ్గరికి పోతానండి. మీరు మార్కెట్టులో ఈ మాట చెప్పాక తెనాలిలో నాకు ఇంజనెవరిస్తారు," అని షెడ్డు తాళంచెవి ట్రాక్టరు సీటు మీద పెట్టి బండి దాటి వెళ్లిపోయాడు.

బసవేశ్వరరావు తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు. పిస్టనుని పేపర్లో చుట్టుకున్నాడు. రేపు కొట్లవాళ్లందరికీ చూపించాలి. నవ్విన ప్రతివాడి ముందూ పెట్టాలి.

ఇంటికొచ్చేసరికి తల్లి వెంకటరత్నమ్మ నూతిగట్టు దగ్గర ఇత్తడి బిందెలు తోముతోంది. పేపరు విప్పి చూసింది.

"ఏంట్రా ఈ జిడ్డు?"

"నాన్న ట్రాక్టరు పిస్టనమ్మా. ఆశీర్వాదం మట్టి కొట్టాడు. బండి ఇంక పనికిరాదు. వాణ్ని వెళ్లగొట్టి వస్తున్నా."

వెంకటరత్నమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చీరకొంగుతో తుడిచింది. గీతల మీద వేలు పోనిచ్చి చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"వెళ్లగొట్టాల్సిందేరా. పోయినసారి నువ్వు గోతాంలో తెచ్చిన ముక్కలన్నీ, మీ నాన్న బండి గదా అని, జల్లించిన ఇటికపొడితో సందుసందునా తోమి పెట్టానా, అంత శుభ్రమైనవాటిని ఎలా చేశాడో చూడు."