బోను తలుపు

ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీసి మెర్వ్ ట్రెగీ దాన్ని ఊరి కౌన్సిల్ బల్ల మీద పెట్టాడు. లోపల మూడు పెంగ్విన్ పిల్లలున్నాయి. మూడింటికీ తలలు లేవు.

"టీ తాగుతున్నాం, మెర్వ్," అంది మేయర్ ఐరిస్, కప్పు పక్కకు జరుపుకుంటూ.

"తాగండి. పోయినేడు మన కెటిల్ పాయింట్ తీరంలో డెబ్బై గూళ్ళుండేవి. ఈ ఏడు ముప్పై ఒకటి. మీ టీ అయ్యేలోపు ముప్పై అవుతాయి."

మెర్వ్ రిటైరైన సైన్సు మాస్టారు. భార్య పోయాక అతనికి పెంగ్విన్లే లోకం. తీరపక్షుల సంఘం అతను పెట్టిందే. దాని మాట ఒకటే: గూళ్ళ మీద పడే, అడవి పట్టిన ఊరపిల్లుల్ని కాల్చెయ్యాలి.

ఎదురు వరసలోంచి కోరలీ ఫిచ్ లేచింది. 'నోరులేని జీవుల నేస్తాలు' అనే సంఘానికి ఆమె అధ్యక్షురాలు. వాళ్ళ మాటా ఒకటే: పిల్లుల్ని పట్టండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, వదిలెయ్యండి.

"పిల్లికి పాపం తెలీదు, మెర్వ్. ఆకలేసింది, తింది."

"తినలేదు. తల కొరికి వదిలేసింది. మీరు ఆపరేషన్ చేయించేది దాని పళ్ళకి కాదుగా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోరలీ ముఖం ఎర్రబడింది.

"నువ్వు పక్షుల్ని లెక్కపెడతావ్. నేను జంతువుల్ని ప్రేమిస్తాను. అదీ మనిద్దరికీ తేడా."

"మరి నీ పిల్లులకి పెట్టే డబ్బా తిండిలోకి చేప తనంతట తనే దూకిందా?"

మూడేళ్ళుగా ఇదే వరస. శనివారాల్లో రెండు సంఘాలూ సూపర్‌మార్కెట్ ముందు చెరో పొయ్యి పెట్టి, సాసేజ్‌లు కాల్చి అమ్మి, విరాళాలు పోగుచేసేవి. రెండు పొయ్యిల మీదకూ పందిమాంసం ఒకే కొట్టు నుంచి వచ్చేది. ఆ పందుల తరఫున మాట్లాడే సంఘం మాత్రం టాస్మేనియాలో మా వైపు ఇంకా పుట్టలేదు.

ఆ రోజు డబ్బా చూశాక కౌన్సిల్ మెర్వ్ వైపు మొగ్గింది. గూళ్ళ దగ్గర బోను పెట్టుకోవచ్చు. అందులో చిక్కిన పిల్లిని తెల్లవారగానే కాల్చెయ్యొచ్చు.

"తుపాకీ పని నాది," అన్నాడు మెర్వ్. "గురి లేనివాడి చేతికిస్తే అది గిలగిల్లాడి చస్తుంది."

సంఘంలో మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. చంపాలని చేతులెత్తినవాళ్ళే అందరూ. ఆ చేతులతో చంపమంటే మాత్రం ఎవరికీ తీరిక లేదు.

మొదటి వారమే మెర్వ్ దగ్గర్నుంచి పక్షుల సంఘం కార్యదర్శి లెన్‌కు ఫోనొచ్చింది.

"బోను తలుపు తీసుంది. లోపల బూడిదరంగు వెంట్రుకలున్నాయి. పిల్లి లేదు."

మరుసటి వారం రెండుసార్లు అదే ఫోను. గూళ్ళను దోచుకుంటున్నది ఒకే ఒక్క బూడిదరంగు చారల పిల్లి అని ఊరందరికీ తెలుసు. పక్షుల సంఘం కాగితాల్లో దాని పేరు ఏడో నంబరు. నేస్తాల పోస్టర్ల మీద డచెస్.

అందరి వేళ్ళూ కోరలీ వైపు చూపించాయి. ఆమె అవుననలేదు, కాదనలేదు. బేకరీలో ఎవరైనా అడిగితే కళ్ళు దించుకుని నవ్వేది. నెల తిరిగేసరికి నేస్తాల సభ్యులు రెట్టింపయ్యారు. ఆమె బొమ్మతో టీషర్టులు వచ్చాయి.

గూళ్ళు పంతొమ్మిదికి దిగాయి.

మెర్వ్ చిక్కిపోయాడు. ఒక ఉదయం లెన్ తీరానికి వెళ్ళేసరికి, తల్లి తిరిగిరాని గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చల్లబడిన గుడ్డును చేతుల్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఇంక కోరలీ మీద ఫిర్యాదు చేద్దాం," అన్నాడు లెన్.

"వద్దు. ఆమె జోలికి పోకు."

"ఇంత జరిగాక కూడా నీకీ మంచితనం ఏంటి?"

మెర్వ్ గుడ్డును మెల్లగా గూట్లో పెట్టేశాడు. ఫిర్యాదు లెన్ సొంతంగా రాసిచ్చాడు.

విచారణ రోజు టీవీ వాళ్ళు కూడా వచ్చారు. కోరలీ తన బొమ్మ ఉన్న టీషర్టే వేసుకొచ్చింది.

"రెండు నెలలుగా ఆ బోను తలుపు తీస్తున్నది నువ్వేనా?" ఐరిస్ అడిగింది.

కోరలీ కెమెరా వైపు తిరిగింది. "పదకొండుసార్లు. నా మనస్సాక్షి తీయించింది."

"అయితే ఏడాదిపాటు నువ్వు తీరం వైపు అడుగు పెట్టకూడదు."

"జైలేం లేదా?"

"లేదమ్మా. కూర్చో."

నాలుగో వరసలో మెర్వ్ లేచి నోరు తెరవబోయాడు. లెన్ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "గెలిచాం కదా. ఇంకా ఆవిణ్ణి తిట్టడం దేనికి?"

అప్పుడే కౌన్సిల్ తరఫున తీరం కాపలా చూసే రేంజర్ బోను మోసుకొచ్చి బల్ల ముందు దించాడు. ఆ ఉదయం అతనే స్వయంగా కాపు కాసి పట్టిన పిల్లి అందులో ఉంది. బూడిదరంగు, చారలు. దీన్నేం చెయ్యాలో ఇవాళే తేల్చమన్నాడు.

కోరలీ ముందుకు వచ్చింది. "చంపేముందు ఒక్కటి చూడండి. దీని ప్రాణం పదకొండుసార్లు కాపాడాను. ఇది నన్ను గుర్తుపడుతుంది. ఒక్కసారి వదలండి."

టీవీ అబ్బాయికి ఆ ఆలోచన బాగా నచ్చింది. ఐరిస్ తలూపింది. హాలు తలుపులు మూశారు. కోరలీ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. "రా, డచెస్. రా తల్లీ."

రేంజర్ బోను తెరిచాడు.

పిల్లి బయటికొచ్చి, ఆమె వేళ్ళను ఒకసారి వాసన చూసి, కుర్చీల మధ్య నుంచి తాపీగా నాలుగో వరసకు నడిచి, మెర్వ్ ఒళ్ళోకి ఎక్కి, పదకొండు పొద్దుల్లో బోను తలుపు తీసి తనకు చేపముక్క పెట్టిన చేతిని నాకడం మొదలుపెట్టింది.